ఇంజను కడిగిన ఎర్రనీళ్ళు

మొన్న ఆదివారం పొద్దున నిజామాబాద్ నుంచి వచ్చిన మా అమ్మాయి, టీ తాగిందో లేదో, వాకిట్లో నిలిపిన తన కారు ముందు మూత ఎత్తి, ఫోనులో ఎవరో వివరంగా చెబుతుంటే వింటూ ఇంజను శుభ్రం చేసే పని పెట్టుకుంది. సర్వీసింగు వాళ్ళకు అప్పగిస్తే పైపు పట్టుకొని ఇష్టం వచ్చినట్టు నీళ్ళు కొడతారనీ, ఆ తడి వైర్ల సందుల్లో దూరితే తర్వాత ఏ దీపం వెలుగుతుందో ఏది ఆగిపోతుందో తెలియదనీ, అందుకే ఆ పని ఇంటి దగ్గరే చేసుకుంటాననీ అంది. ఎవరినీ ఊరికే నమ్మని ఆ గుణం నా నుంచే వచ్చింది కదా అని లోపల మురిసిపోయాను గానీ, పైకి మాత్రం కుర్చీ లాక్కొని పక్కనే కూర్చొని, ఇంజను చల్లారిందా, బ్యాటరీ తీగ ఊడదీశావా, ఆ ఫ్యూజుల డబ్బాకు కవరు చుట్టావా అని ఒక్కొక్కటే అడిగి దాని ప్రాణం తీశాను. పాపం, అన్నీ చేసే ఉంది. ఏదో సీసాలోంచి నురగ చల్లి, మెత్తని బ్రష్షుతో రుద్ది, తడిగుడ్డతో తుడుస్తూ ఉండగా కింద బండల మీదికి ఎర్రటి నీళ్ళు చుక్కచుక్కగా కారడం మొదలైంది.

"అమ్మా, కూలెంట్ లీకయితున్నట్టుంది, ఎర్రగ కారుతుంది సూడు," అని కంగారుపడింది. నేను ఆ మాటా నమ్మలేదు. వంటింట్లోకి పోయి నిమ్మచెక్క తెచ్చి ఆ తడి మీద పిండితే, చూస్తుండగానే ఎరుపు పోయి పచ్చగా తిరిగింది. "లీకు లేదు, గీకు లేదు. పసుపు సీజన్ల మార్కెట్ రోడ్డు మీదికెళ్ళి వచ్చినవు గదా బిడ్డా, ఇంజన్ల పసుపు పేరుకున్నది. సబ్బు తాకంగనే ఎర్రగైంది," అన్నాను. నిన్ను పోలీసుల్లో చేర్చుకోవాల్సిందమ్మా అని అది నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ తర్వాత చాలాసేపు ఆ బండ మీది మరకనే చూస్తూ కూర్చున్నాను. చాలా ఏళ్ళ కిందట ఇదే ఇంట్లో ఇలాంటి పరీక్షే ఒక గుడ్డపేలిక మీద చేశాను. అది మాత్రం పచ్చబడలేదు.

నా అనుమానం సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. నా పుట్టిల్లు సిరికొండ. మా నాయన అంగడిలో కుండ కొంటే దాన్ని వేలితో కొట్టి చూసి, చెవి దగ్గర పెట్టుకొని విని, నీళ్ళు పోయించి, ఇక అమ్మేవాడు విసుగెత్తి నీకో దండం అనేదాకా అక్కడే కూర్చునేవాడు. ఆయన కూతుర్ని నేను. పాలు పోసే మనిషి నవ్వుతూ వస్తే ఇవాళ నీళ్ళు ఎక్కువ కలిపాడనుకుంటాను; నవ్వకుండా వస్తే పట్టుబడతానని భయపడుతున్నాడనుకుంటాను. పెళ్ళయి ఆర్మూరు వచ్చిన కొత్తలో మా ఆయన బనీనుకు సబ్బు పెట్టగానే అది నెత్తురు కక్కినట్టు ఎర్రబడితే, ఈ మనిషి ఎక్కడ ఎవరితో కొట్టుకొని వచ్చాడోనని బావి దగ్గర గొల్లుమన్నాను. మా అత్త పడీపడీ నవ్వి, పెళ్ళిలో పసుపూ సున్నమూ కలిపిన పారాణి పెట్టుకున్నదానివి ఆ మాత్రం తెలియదా అని, చింతపండు నీళ్ళు చల్లి ఆ ఎరుపును మళ్ళీ పచ్చగా మార్చి చూపించింది. మిగిలిన పచ్చదనాన్ని ఎండే తినేస్తుందని కూడా ఆమే చెప్పింది. ఈ ఊళ్ళో కాపురం చేయడానికి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

మన ఈడు వాళ్ళకు ఆ రోజుల పసుపు సీజను గుర్తుండే ఉంటుంది. ఊరి చుట్టూ కొమ్ములు ఉడికే వాసన, కళ్ళాల్లో ఎండబోసిన రాసులు, కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్ములు గిరగిర తిరుగుతుంటే పైకి లేచే పచ్చటి పొడి, ఆ పొడి పడి కనుబొమల దాకా పచ్చబడ్డ హమాలీలు, మార్కెట్ నుంచి రోడ్డు దాకా బారులు తీరిన బండ్లు. ఇంట్లో అద్దం తుడిస్తే పసుపు, దిండు దులిపితే పసుపు. బట్టలుతికిన నీళ్ళు ఏ మోరీలో చూసినా ఎర్రగా పారేవి, వాటిని చూసి ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

మా ఆయనకు అప్పట్లో ఒక అంబాసిడర్ కారుండేది. ఎవరో వాడుకొని అమ్మేసిన పాతదే అయినా, మా వాడకట్టులో కారున్న ఇల్లు మాదొక్కటే. పసుపు వ్యాపారులను నిజామాబాద్ తీసుకుపోవడం, ముహూర్తాలు వస్తే పెళ్ళివాళ్ళకు బాడుగకు పోవడం, ఇదే మా బతుకుదెరువు. ఆ కారు ఇంజను మీద ఆయన ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవారు కాదు. ఆదివారం మధ్యాహ్నం, ముందురోజు నుంచి బయటికి తీయని కారు అయితేనే ముట్టేవారు. వేడి ఇనుము మీద చన్నీళ్ళు పడితే పగులుతుందని ఆయన నమ్మకం. ముందు బ్యాటరీ తీగ ఊడదీసి పక్కకు వంచేవారు. ఎరువుల సంచుల లోపలుండే ప్లాస్టిక్ కవర్లను నేను ముక్కలుగా కోసిస్తే, వాటిని డిస్ట్రిబ్యూటరుకూ కార్బొరేటరు నోటికీ కప్పి, గాలి కూడా దూరనంత గట్టిగా సుతిలి తాడుతో బిగించేవారు. నూనె జిడ్డుకు కిరసనాయిలు, అరిగిపోయిన పళ్ళ బ్రష్షు. ఆ సమయంలో బీడీ నోట్లో పెట్టుకొని ఎవరైనా మా వాకిలి వైపు వచ్చారో, వాళ్ళ పని అయిపోయినట్టే. పసుపు దుమ్ముకు మాత్రం బట్టల సోడా కలిపిన నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ. చెంబెత్తి పోయడమనేది లేదు. చివరికి పొడిగుడ్డతో తుడిచి, మూత ఎత్తిపెట్టి ఎండకు వదిలేసి, తడి ఆరిందని నమ్మకం కుదిరాకే కవర్లు విప్పి స్టార్టు చేసేవారు. ఆ గుడ్డలు నా పాత చీరల పేలికలు. వాటిని ఉతికి ఆరేసే పని నాదే, ఆయన ఏనాడూ ఒక్క పేలిక పిండి ఎరగరు.

మా మామ పోయాక మా అత్తకు తోడల్లా రెండే, ఒళ్ళో బీడీల చాట, పక్కన బూడిదరంగు పిల్లి. దాన్ని దొరసాని అని పిలిచేది. తను తాగే పాలలోంచి దానికి పోసేది, దానితో గంటల తరబడి మాట్లాడేది, నా మీద చాడీలు కూడా దానికే చెప్పేదని నా అనుమానం. దొరసాని కూడా నన్ను నమ్మినట్టు ఎన్నడూ కనబడలేదు. నేను పోసిన పాలను వాసన చూసి గానీ ముట్టేది కాదు. ఆ విషయంలో మేమిద్దరం ఒక్కటే జాతి.

ఇక పక్కింట్లో ఒంటరిగా ఉండే ఆమెను అందరం పోచంపాడత్త అనేవాళ్ళం. పుట్టిల్లు పోచంపాడ్, భర్త కాలువల మీద పనిచేసేవాడు, చనిపోయాడు, కొడుకు పోచంపాడ్‌లోనే డ్యాము దగ్గర నౌకరీలో ఉన్నాడు. అన్నదమ్ములు పంపే చేపలను డాబా మీద ఎండబెట్టి అంగడిలో అమ్ముకొని, ఎవరి మీదా ఆధారపడకుండా బతికేది. ఆమె, మా అత్త ఒకరినొకరు వదినె అని పిలుచుకునేవారు. రెండిళ్ళ మధ్య గోడలో ఇటుకలు ఊడిపోయిన కంత ఒకటుండేది. అటు ఆమె, ఇటు మా అత్త కూర్చొని, మొహాలు కనబడకపోయినా మధ్యాహ్నమంతా ముచ్చట పెట్టేవారు. ఆ కంతలోంచే పొయ్యిలోకి నిప్పులు, గిన్నెలో కూర, తునికాకు కట్టలు అటూ ఇటూ తిరిగేవి. ఒకనాడు దొరసాని ఆమె డాబా ఎక్కి చేప ఎత్తుకొస్తే, "వదినె, నీ దొరసానికి జర బుద్ధి చెప్పు. ఇంకోసారి నా చేపలు ముడితే గంగల పారేస్త," అని గోడ అవతల నుంచి గట్టిగా అరిచింది. మాకు గంగంటే గోదావరే. ముందు నీ ఎండుచేపల కంపు గంగల పారెయ్యమని మా అత్త అంది. వీధివాళ్ళు కూడా విని నవ్వుకున్నారు.

ఆ తర్వాత కొద్దిరోజులకే అది జరిగింది. మంచి చలి మీదున్న పొద్దు. నేను పొయ్యి ముందర ఉన్నాను. కారు స్టార్టు చేసిన చప్పుడు వినబడింది, వెంటనే ఏదో తట్టుకున్నట్టయి ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ స్టార్టయి వెళ్ళిపోయింది. చలికి మొరాయించిందిలే అనుకున్నాను. నిజామాబాద్ పోయిన మనిషి సాయంత్రం గానీ రావలసింది కాదు; పొద్దెక్కకముందే తిరిగొచ్చి, వాకిట్లో కారు ఆపి, ఇంజను పొగలు కక్కుతుండగానే మూత ఎత్తి కడగడం మొదలుపెట్టారు. ఆదివారం కాదు, ఇంజను చల్లారలేదు, పైగా చెంబుతో నీళ్ళు. గుడ్డ నేను ఉతుకుతానంటే ఇవ్వలేదు. ఎర్రనీళ్ళు వాకిలి దాటి మోరీలోకి పారాయి. గోడ మీదుగా తొంగిచూసిన పోచంపాడత్త, "ఏందల్లుడా, కారుకు పారాణి వెడ్తున్నవా? పిల్ల ఏ ఊరిది?" అని వేళాకోళమాడింది. ఆమె ఒక మాటంటే పది అనే మనిషి ఆ రోజు తల ఎత్తలేదు.

ఇంకే ఊళ్ళోనైనా కారు ముందు నుంచి ఎర్రనీళ్ళు కారుతుంటే నలుగురు మూగి ఏమైందని అడిగేవారు. మా ఊళ్ళో మాత్రం ఆ దారిన పోయిన వాళ్ళెవరూ తిరిగి కూడా చూడలేదు. అంత అనుమానపు మనిషిని, నేనూ ఆ నీళ్ళను అనుమానించలేదు, మనిషినే అనుమానించాను. నిజామాబాద్ పోలేదు, తొందరగా వచ్చాడు, తల ఎత్తడం లేదు, కారు కడుగుతున్నాడు అంటే ఎవరినో ఎక్కించుకొని తిరిగాడని తీర్మానించుకొని, ఆయన అన్నం తింటున్నప్పుడు పోయి వెనక సీటంతా వాసన చూశాను. పూల వాసన ఏమైనా వస్తుందేమోనని. పసుపు, పెట్రోలు తప్ప ఏమీ తగలలేదు. అదీ నాకు నమ్మబుద్ధి కాలేదు.

సాయంత్రానికి దొరసాని కనబడలేదని మా అత్త వెతకడం మొదలుపెట్టింది. పాలగిన్నె చేత్తో పట్టుకొని వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా పిలుచుకుంటూ తిరిగింది. మర్నాడూ రాలేదు. అప్పుడు ఎవరు గుర్తు చేశారో, ఆమెకే గుర్తొచ్చిందో, గంగలో పారేస్తానన్న మాట మనసులో పడింది. మొదట కంతలోంచి అడిగింది. పోచంపాడత్త నవ్వుతూ కాదంది. ఆ నవ్వే మా అత్తకు కారం రాసినట్టయింది. తిన్నగా ఆమె గడప ముందుకు పోయి, వీధి వీధంతా వినేట్టు, నా పిల్లికి చేపలో మందు పెట్టి చంపినవు అని అరిచింది. "నా కొడుకు మీద ఒట్టు వదినె, నేను దాన్ని ముట్టలే," అని ఆమె కొంగు పట్టుకొని చెబుతుంటే, "మరి గంగల పారేస్తనన్న నోరు ఎవ్వరిది?" అని మా అత్త ఎదురడిగింది. ఆ మాట ఆమె అన్నది నిజమే కదా.

ఆ సాయంత్రం అవతల నుంచి బురద తీసి కొడుతున్న చప్పుడు వినబడింది. తెల్లారి చూస్తే గోడలో కంత మూసేసి ఉంది. అంతటితో ఆగినా బాగుండేది. మందు పెట్టిన చెయ్యి అనే మాట మెల్లగా వీధి దాటి అంగడి దాకా పోయింది. ఎప్పుడూ ఆమె దగ్గరే చేపలు కొనేవాళ్ళు కూడా ఆమె తట్ట ముందు నుంచి చూసీచూడనట్టు పోయేవారట. ఆమె తట్ట నిండుగానే వెనక్కి తెచ్చుకొని, ఎవరినీ పలకరించకుండా లోపలికి పోవడం నేను కళ్ళారా చూశాను. సంగతి తెలిసి కొడుకు వచ్చి, ఈ మాటలు పడుకుంటూ ఇక్కడెందుకు, నా దగ్గరికి రమ్మన్నాడట. ఆమె సరేనని, ఇల్లు ఖాళీ చేయడానికి సిద్ధపడింది.

నాకు మా ఆయన మీది అనుమానం చావలేదు. సరిగా తినడం లేదు, తల్లి దొరసాని పేరెత్తితే లేచి బయటికి పోతున్నారు. ఒక మధ్యాహ్నం ఆయన నిద్రలో ఉండగా, దండెం కట్టడానికి సుతిలి కోసం కారు డిక్కీ తీశాను. స్టెప్నీ వెనక నా నీలం చీర పేలిక ఒకటి ఉండచుట్టి దోపి ఉంది. అట్టగట్టి నల్లగా ఉంది. ఎన్ని రోజులైనా పసుపు ఎరుపు ఇలా ముదరదు. వంటింట్లోకి తీసుకుపోయి చింతపండు నీళ్ళలో ముంచాను. పచ్చబడలేదు. ఇంకాస్త చింతపండు పిసికాను. నీళ్ళు మాత్రం మురికి రంగు తిరిగాయి. కారు కింద ఎవరో మనిషి పడ్డాడనీ, ఆయన ఆపకుండా వచ్చేశాడనీ, ఇవాళో రేపో జీపు వచ్చి మా ఇంటి ముందు ఆగుతుందనీ ఒక్క క్షణంలో అంతా ఊహించేసుకున్నాను. వాకిట్లోకి పోయి ఇంజను మూత ఎత్తి లోపలంతా వెతికాను. ఫ్యాను వెనకాల, కడిగిన నీళ్ళు చేరని మూల, జిడ్డుకు అంటుకొని బూడిదరంగు వెంట్రుకలు కనబడ్డాయి.

మనిషి కాదని తెలిసి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే పోచంపాడత్త ఖాళీ కాని తట్ట గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. ఆయన్ను నిద్ర లేపి పేలిక చూపించాను. ఇక దాచలేదు. చలికి ఆ పిచ్చిది వెచ్చదనం వెతుక్కుంటూ కింద నుంచి ఇంజనులోకి దూరి పడుకుందట. చూసుకోకుండా స్టార్టు చేసేసరికి ఫ్యాను తగిలింది. పక్కనున్న పెర్కిట్ దాటాక ఒక మెట్టచెలకలో గుంట తీసి పూడ్చిపెట్టి వచ్చారట. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్దామనే ఉంటి. గంతల్నె అమ్మ గామె మీద వడ్డది. ఇగ నోరు రాలే," అన్నారు. ఆ మాట సగమే నిజమని నాకు తెలుసు, మిగతా సగం కూడా రాబట్టాను. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమిచ్చినా పోని పాపమని అప్పట్లో అందరి నమ్మకం. పిల్లి చచ్చిన కారు అని పేరు పడితే ఏ పెళ్ళివాళ్ళూ అందులో పెళ్ళికూతుర్ని ఎక్కించరు. ఆ భయం నాకూ లేకపోలేదు. కానీ చివరికి ఆయన, "ఎట్లనన్న ఆమె పోచంపాడ్ పోతనే ఉన్నది గదా. నాలుగు దినాలైతే అందరు మర్సిపోతరు," అన్నారు. ఆ ఒక్క మాట నేను తట్టుకోలేకపోయాను. "పోయే మనిషి నెత్తిన వేసి పంపుదామనుకున్నవా? రేపు నువ్వు జేసింది తెచ్చి నా నెత్తిన వెయ్యవని నేనెట్ల నమ్మాలె?" అని అడిగాను. మనం పెద్దవాళ్ళ చాటున బతికిన ఆడవాళ్ళం, మొగుడిని అంత మాట అనడం అదే మొదలు. రేపు పొద్దున తప్పకుండా చెబుతానన్నారు.

నేను నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది. తెల్లారేసరికి పక్కింటి ముందు ట్రాక్టరు వచ్చి నిలబడింది, మంచాలు, పెట్టెలు ఎక్కిస్తున్నారు, ఈయనేమో స్నానానికి నీళ్ళు కాగాయా అని అడుగుతున్నారు. నేను వాకిట్లోకి పోయి కారు మూత ఎత్తిపట్టుకొని నిలబడి, అత్త వినేట్టుగానే, నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా అన్నాను. ఆయన వచ్చి, తల్లి ముందర నేల మీద కూర్చొని, తల దించుకొని మొత్తం చెప్పారు. మా అత్త చేతిలో సగం చుట్టిన బీడీ అట్లాగే ఉండిపోయింది. ఏడుస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. చాట పక్కన పెట్టి, "పిల్లి పోయిందంటివి, సరే. నా నోటితోని గామెను అన్ని మాటలనిపించినవు గదరా కొడకా. గవి ఎట్ల వాపస్ తెస్తవు?" అంది. "లే. అందరి ముందట అన్న, అందరి ముందటనే చెప్త," అని కొడుకు చెయ్యి పట్టుకొని, చెప్పులు కూడా లేకుండా బయలుదేరింది. వెనకాలే నేను.

పోచంపాడత్త మూటల మధ్య అరుగు మీద కూర్చొని ఉంది. సామాను ఎక్కించే మగవాళ్ళూ, చూడవచ్చిన వీధి ఆడవాళ్ళూ ఉన్నారు. మా అత్త ఆమె ముందర నిలబడి, మొన్న ఏ గొంతుతో అరిచిందో ఆ గొంతుతోనే, "వదినె, నా పిల్లిని నువ్వు చంపలే. నా కొడుకు కారు చంపింది. నువ్వు ఒట్టు వెట్టినా నేను నమ్మలే. తప్పు నాది, నా ఇంటిది," అంది. పోచంపాడత్త మా అత్త వైపు చూడలేదు. మా ఆయన మొహంలోకి చూసి, "గోస వడ్డదా అల్లుడా?" అని అడిగింది. లేదత్తా, ఒక్క పెట్టున పోయిందని ఆయన చెప్పగానే కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. అన్ని నిందలు పడ్డ రోజున కూడా ఆమె కంట నీళ్ళు రాలేదు. ఆమెకు కూడా ఆ పిల్లి ఎంతో కొంత సొంతమేనని, ఈ గొడవంతటిలో దాని కోసం ఏడవడానికి ఆమెకు చోటే లేకుండా చేశామని నాకు అప్పుడు తెలిసింది. నా కళ్ళు కూడా ఆగలేదు.

మా అత్త పోవద్దని బతిమాలింది. సామాను దించుతానని ట్రాక్టరు మీదికి చెయ్యి కూడా చాచింది. "ఎక్కిచ్చిన సామాను దించొద్దు వదినె, మంచిగుండది," అని పోచంపాడత్త మెల్లగా ఆ చెయ్యి పట్టుకొని కిందికి దించింది. ఆ మాట నమ్మకం కొద్దీ అన్నదో, మనసు విరిగి అన్నదో నాకు ఇప్పటికీ అనుమానమే. ట్రాక్టరు కదిలేటప్పుడు మాత్రం చలికాలం ఇంజన్ల పిల్లులుంటయి, బండి మీద రెండు దెబ్బలు కొట్టి స్టార్టు చెయ్యమని మా ఆయనకు చెప్పి పోయింది. కారు నడిపినన్నాళ్ళూ ఆయన అలాగే చేశారు. ఆ ఏడు పెళ్ళి బాడుగలు చాలా తగ్గాయి, మా ఇంట్లో ఇబ్బంది పడ్డాం, దాన్ని గురించి ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత ఏడాదికి అందరూ మరిచిపోయి మళ్ళీ పిలిచారు.

మా అత్త ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ అప్పుడప్పుడు బస్సెక్కి పోచంపాడ్ పోయి వచ్చేది. ఒకసారి వెంట నేనూ పోయాను. ఇద్దరూ మంచం మీద పక్కపక్కనే కూర్చొని కోడళ్ళ గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి, గంగకు వచ్చిన నీళ్ళ గురించి మాట్లాడుకున్నారు గానీ, మునుపు గోడకు అటూ ఇటూ కూర్చొని మొహాలు చూసుకోకుండా మాట్లాడినంత ధారాళంగా ఆ ముచ్చట సాగలేదు. పిల్లి మాట ఎవరూ ఎత్తలేదు. మా అత్త పోయిన రోజున మాత్రం చుట్టాలందరికన్నా ముందు మా గడపలోకి వచ్చిన మనిషి ఆమె.

ఇప్పుడు మా పక్కింటి గోడ మనిషెత్తు కన్నా ఎక్కువ. ఆ ఇంట్లోకి కొత్తవాళ్ళు వచ్చి చాలా కాలమైంది. కారు లోపలికి పోతుంది, గేటు పడుతుంది, మళ్ళీ పొద్దున గేటు తెరుచుకుంటుంది. ఆ ఇంటామెను నేను వదినె అనాలో బిడ్డా అనాలో కూడా నాకు తెలియదు. వీధిలో ఎవరి వస్తువైనా కనబడకపోతే కెమెరాలో చూసుకుంటారు, లేదా కొత్తది కొనుక్కుంటారు. ఒకరి గడప ముందుకు పోయి అరవడం లేదు, తిరిగి అదే గడప ముందు తప్పు ఒప్పుకోవడమూ లేదు. మంచిదేనేమో, ఎవరికీ నింద రాదు. కానీ నాబోటి దానికి పొద్దు పోవడం లేదు. మొహం కూడా సరిగా తెలియని మనిషిని ఏమని అనుమానిస్తాం, ఎందుకని అనుమానిస్తాం?

కొన్నాళ్ళుగా నల్లమచ్చల పిల్లి ఒకటి ఎక్కడి నుంచో గోడ దిగి మా వాకిట్లోకి వస్తోంది. నేను పాలు పెడుతున్నాను, తాగి పోతోంది. ఎవరిదో తెలియదు, అడుగుదామంటే ఎవరిని అడగాలో తెలియదు. రేపు అది కనబడకుండా పోతే, నా పిల్లిని ఏం జేసినవు అని మా గడప ముందుకు వచ్చి నన్ను నిలదీసే మనిషి ఈ వీధిలో ఒక్కరూ లేరు.